పిన్ని చూడాలనుకున్న అడవి

ఫిబ్రవరిలో ఒక శనివారం ఉదయం బాబాయి ఫోన్ చేశారు. ఆయన తనంతట తాను ఫోన్ చేయడమే వింత. ఎప్పుడూ పిన్ని మాట్లాడుతుంటే వెనకనుంచి దగ్గి తన ఉనికి తెలియజేసే మనిషి. ఆయన గొంతు వినగానే నాకు సంగతి అర్థమైపోయింది. "మీ పిన్ని పోయిందమ్మా" అన్నారు. నేనే ఏడ్చి, నేనే సర్దుకుని, బయల్దేరుతున్నానని చెప్పి ఫోన్ పెట్టేశాను.

పిన్ని అంటే మా అమ్మ చెల్లెలు. మిషిగన్ ఉత్తరపు కొసన, కాగితం మిల్లు మీద బతికే ఒక చిన్న ఊళ్ళో పిల్లల డాక్టరుగా పనిచేసింది. బాబాయి ఆ మిల్లులోనే ఇంజనీరు. ఈ పత్రిక చదివే మీలో కొందరు ఆవిణ్ణి ఉగాది సభల్లో చూసే ఉంటారు. పట్టుచీర కింద ఉన్ని సాక్సులు వేసుకుని తిరిగే ఆవిడ అంటే వెంటనే గుర్తొస్తుంది. ఆవిడ వైద్యం గురించి తెలిసినవాళ్ళు రాస్తారు. నేను ఆవిడ బూట్ల గురించి రాస్తాను.

డెబ్భైల చివర నేను ఈ దేశం చదువుకోడానికి వచ్చినప్పటినుంచి, నవంబరు చివర వచ్చే థాంక్స్‌గివింగ్ సెలవులకి వాళ్ళింటికే వెళ్ళేదాన్ని. తలుపు తీయగానే పిన్ని నా మొహం చూసేది కాదు, కాళ్ళు చూసేది. "ఈ గుడ్డ బూట్లేమిటే? వేళ్ళున్నాయా, రాలిపోయాయా?" అని అక్కడే కూర్చోబెట్టి పాదాలు పట్టుకుని చూసేది. క్లినిక్‌లో పిల్లల్ని చూసే పద్ధతీ అదే. థర్మామీటరు తరువాత, ముందు పాదాలు. "పాదం అబద్ధం చెప్పదమ్మా" అని తల్లులకు ఇంగ్లీషులో చెప్పేదట.

ఆ సెలవులనాటికి అక్కడ జింకల వేట సీజన్. నవంబరు సగం నుంచి ఊళ్ళో మగవాళ్ళు ఒక్కరూ కుదురుగా ఉండరు. బాబాయి కూడా మిల్లులో పనిచేసే ఫోర్‌మన్‌తో కలిసి ఏటా అడవికి వెళ్ళేవారు. మాంసం ముట్టని పిన్ని ఇంట్లోకి ఆ సరంజామా ఏదీ రావడానికి వీల్లేదు. తుపాకీ, కోటు, బూట్లు అన్నీ ఫోర్‌మన్ ఇంట్లోనే. బాబాయి మామూలు బట్టల్లో వెళ్ళి, మామూలు బట్టల్లో తిరిగొచ్చి, స్నానం చేసి భోజనానికి కూర్చునేవారు. వేట ఎలా జరిగిందని అడిగితే "బాగానే" అనేవారు. పెరుగు కావాలా అన్నా ఆ జవాబే.

అలాంటిది ఒకనాడు ఫోర్‌మన్ భార్య మనవణ్ణి తీసుకుని క్లినిక్‌కి వచ్చి, మాటల్లో మాటగా పిన్నితో ఫిర్యాదు చేసింది. "డాక్టర్, మీ ఆయన్ని కాస్త నోరు మూసుకోమని చెప్పండి. ఆయన కబుర్లకి జింకలన్నీ పారిపోతున్నాయట. మా ఆయన రెండేళ్ళుగా వట్టి చేతులతో వస్తున్నాడు."

పిన్ని ఆ మాట నాకు చెప్పినప్పుడు ఆవిడ కళ్ళు ఇంతింత చేసింది. "మీ బాబాయే! కబుర్లట! పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆయన నాతో ఆడిన మాటలన్నీ కలిపితే ఒక ఉత్తరం నిండదు. ఆ అడవిలో ఏముందో, అక్కడ ఈయన ఎలా ఉంటారో, నేను ఒక్కసారి చూడాలే బుజ్జీ."

అదీ కోరిక. వేటాడాలని కాదు, జింకను చూడాలనీ కాదు. మాట్లాడుతున్న మొగుణ్ణి చూడాలి.

బాబాయి కాదనలేదు. పిన్ని దుకాణంలో అన్నిటికన్నా బాగున్నాయనిపించిన బూట్లు తెచ్చుకుంది. నున్నటి తోలు, లోపల ఊలు, చూడ్డానికి ఎంతో ముచ్చటగా ఉన్నాయి. వెళ్ళే ముందురోజు సాయంత్రం అలవాటు కావాలని వాటితో పెరట్లో మంచులో చెమట పట్టేదాకా నడిచింది. నడిచొచ్చి ఏం చేసింది? మనమందరం చేసేదే. గుమ్మం బయట విడిచి లోపలికి వచ్చింది. చెప్పులు గడప దాటకూడదన్న మన ఇళ్ళ నియమం ఆ చలిదేశంలో కూడా ఆవిడ తప్పలేదు. బాబాయికీ తట్టలేదు. ఆయన బూట్లను ఏటా పొయ్యి పక్కన ఆరబెట్టేది ఫోర్‌మన్ కాబట్టి, బూట్లను ఆరబెట్టాలన్న సంగతే ఆయనకు తెలియదు.

తెల్లవారేసరికి అవి రాళ్ళయి ఉన్నాయి. పిన్ని చెమ్మ గడ్డకట్టిన ఆ బూట్లలోకి మూడు జతల సాక్సులతో పాదాలు కుక్కుకుంది. అడవిలో కూర్చున్న కొద్దిసేపటికే వేళ్ళు తెలియకుండా పోయాయట. డాక్టరు కదా, అదేమిటో ఆవిడకు తెలుసు. అయినా ఆయన మాట్లాడటం మొదలుపెడతారేమోనని పళ్ళు బిగించుకుని కూర్చుంది. ఆయన మాట్లాడలేదు, పక్కన పెళ్ళాం ఉందన్న బెరుకేమో. చివరికి ఆవిడ మొహం చూసి కంగారుపడి, ఫోర్‌మన్ సాయంతో దాదాపు మోసుకుని ఇంటికి తెచ్చారు. గోరువెచ్చని నీళ్ళలో పాదాలు పెట్టుకుని కూర్చున్న పిన్నిని నేను ఆ మధ్యాహ్నం చూశాను. వేళ్ళ చివర్లు మైనంలా తెల్లగా ఉన్నాయి. తరువాత పొక్కులు లేచి చర్మం ఊడింది. వేళ్ళు దక్కాయి కానీ, ఎడమ కాలి చిటికెనవేలు ప్రతి చలికాలం సలుపుతూనే ఉండేది.

బాబాయి భయపడిపోయారు. "నీకెందుకే ఇవన్నీ" అన్నారు, అంతే. ఆ మాట ఆయన ప్రేమతోనే అన్నారు, దానిమీద తిరిగి మాట్లాడటం అసాధ్యం అన్నట్టుగానూ అన్నారు.

అక్కడినుంచి పిన్నికి బూట్లు పంతమైపోయాయి. ఆయన భయం పోగొట్టాలంటే సరైన బూట్లు దొరకాలి. ఆ రోజుల్లో ఆడవాళ్ళకి వేట బూట్లు ఎవరమ్మేవారు? దుకాణంలో అడిగితే బొచ్చు అంచులున్న ఎత్తు మడమల జోళ్ళు చూపించేవారు. "ఇవి వేసుకుని చర్చికి వెళ్ళొచ్చు, అడవికెలా వెళతాను?" అని వాదించి, మగపిల్లల విభాగానికి నడిచేది. పిల్లల బూట్లు కాళ్ళకు సరిపోయేవి కానీ వాటిలో వెచ్చదనానికి పెట్టిన పొర పలచన, కుట్ల దగ్గర నీళ్ళు కారేవి. ఆ సంగతి ఎలా తెలిసిందంటే, పిన్ని కొన్న ప్రతి జతనూ పరీక్ష పెట్టేది.

ఒక పరీక్షకి నేను సాక్షిని. స్నానాలతొట్టెలో చన్నీళ్ళు పట్టి, నా చేత పెరట్లోంచి బకెట్లతో మంచు మోయించి అందులో పోయించింది. బూట్లు తొడుక్కుని తొట్టె అంచున స్టూలు మీద కూర్చుని, చీర మోకాళ్ళదాకా ఎగదోపి, కాళ్ళు నీళ్ళలో పెట్టి మెడికల్ జర్నల్ చదవడం మొదలుపెట్టింది. బాబాయి తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డారు.

"ఏం చేస్తున్నారు?"

"ప్రాక్టీసండీ" అంది పిన్ని తలెత్తకుండా.

ఆయన కాసేపు చూసి, వెళ్ళి ఇంకో బకెట్ మంచు తెచ్చి పోశారు. ఆ పూట ఆయన నవ్వు దాచుకోవడం నేను చూశాను. ఆవిణ్ణి మళ్ళీ అడవికి తీసుకెళ్ళడానికి ఆయన ఒప్పుకుంటారని ఆ నిమిషం నాకు నమ్మకం కలిగింది.

చివరికి క్యాటలాగు చూసి పోస్టులో తెప్పించుకున్న జత నెగ్గింది. మగవాళ్ళ సైజుల్లో అన్నిటికన్నా చిన్నది. పాదం చుట్టూ రబ్బరు, పైన తోలు, లోపల విడిగా తీసి ఆరబెట్టుకునే, ఉన్నిని అదిమి చేసిన మందపాటి ఫెల్టు తొడుగు. నాకు పాఠం కూడా చెప్పింది. "బిగుతుగా ఉంటే వెచ్చగా ఉంటుందనుకుంటాం కదే, అదే తప్పు. లోపల వేళ్ళు ఆడాలి. రక్తం తిరగాలి, గాలి నిలవాలి. సాక్సు ఒక్కటే, ఉన్నిది. కాటన్ వేశావో, చెమటంతా పీల్చి నిన్ను ముంచుతుంది." గడప నియమం కూడా ఆ ఒక్క జత కోసం సడలించింది. ఆ ఫెల్టు తొడుగులు హీటరు దగ్గర, దేవుడి అలమరకు ఎదురుగా ఆరేవి. "ఆయన ఏమీ అనుకోడులే" అనేది దేవుడి గురించి.

బూట్లు కుదిరాయి, రోజు కుదరలేదు. ఒక ఏడు తెల్లారకుండానే ఆస్పత్రినుంచి కాల్ వచ్చింది, నెలలు నిండని కవలపిల్లలు. తరువాతి ఏడు బాబాయి తల్లిగారు ఇండియానుంచి వచ్చి ఉన్నారు. ముసలావిణ్ణి ఒంటరిగా వదిలి ఎలా వెళ్ళడం? ఇంకో ఏడు వర్షం. అలా ఏళ్ళు గడిచిపోయాయి. ప్రతిసారీ బాబాయి "వచ్చే ఏడు చూద్దాంలే" అనేవారు. ఆ "లే"లో కొంచెం ఊరట కూడా వినిపించేది. పాపం, ఆయనకు ఆ తెల్లటి వేళ్ళు మరుపుకు రాలేదు.

పోయిన నవంబరుకి పిన్నికి కాన్సరు ముదిరింది. జుట్టు ఊడిపోయి, ఉన్ని టోపీలో చిన్నపిల్లలా ఉంది. ఆ వారం వాతావరణం హాయిగా ఉందని, కారు వెళ్ళేంతవరకు వెళ్ళి కాసేపు కూర్చుని వచ్చేద్దామని తనే అడిగింది. బాబాయి ఆవిడ దుప్పటి సర్దుతూ "ఒళ్ళు కుదుటపడనీ. వచ్చే ఏడు తప్పకుండా" అన్నారు. పిన్ని నా వైపు చూసి "బూట్లు లేనప్పుడు ఒళ్ళుంది" అని నవ్వింది. నాకు ఆ "వచ్చే ఏడు" అనే మాటంటే ఇప్పుడు కోపం. అంత మర్యాదగా మనిషిని మోసం చేసే మాట ఇంకొకటి లేదు.

అంత్యక్రియలకు ఫోర్‌మన్ కోటూ టై వేసుకుని వచ్చాడు. నా చెయ్యి పట్టుకుని, "మెడికల్ కాలేజీలో మొదటి రోజు శవాన్ని చూసి పడిపోయింది ఆమే కదా? మళ్ళీ లేచి, క్లాసులో అందరికన్నా ముందు కత్తి పట్టుకున్నదీ ఆమే కదా?" అన్నాడు. పెళ్ళిలో పిన్ని తలంబ్రాలు పోస్తూ బాబాయి కళ్ళజోడు పడగొట్టిన సంగతి చెప్పాడు. నిద్రలో పాడుతుందన్న సంగతి చెప్పాడు. అది మా అమ్మకు కూడా తెలియదు. ఇన్నేళ్ళూ బాబాయి ఆ అడవిలో జింకలు పారిపోయేలా చెప్పిన కబుర్లు ఎవరి గురించో అప్పుడు తెలిసింది.

మర్నాడు పొద్దున్నే బాబాయి "వస్తావా అమ్మా, ఒకసారి అలా వెళ్ళొద్దాం" అన్నారు. నా గుడ్డ బూట్లు చూసి, లోపలికి వెళ్ళి పిన్ని జత తెచ్చి నా ముందు పెట్టారు. మా ఇద్దరి పాదాలూ ఇంచుమించు ఒకటే. మోకాలి లోతు మంచులో నడిచి, ఒక పడిపోయిన చెట్టు దగ్గర ఆగాం. ఆయన చేతులతో దానిమీద ముగ్గురు కూర్చునేంత మేర మంచు తుడిచారు. చాలాసేపు కూర్చున్నాం. నా వేళ్ళు కొంచెం కూడా చల్లబడలేదు. పిన్ని ఎంపికలో తప్పేమీ లేదు. తప్పు మా అందరి వాయిదాల్లో ఉంది.

అప్పుడు ఆయన మొదలుపెట్టారు. "మీ పిన్ని ఏం చేసిందో తెలుసా ఒకసారి..." అని. నేను ఎరిగిన బాబాయి కారాయన. చేతులు తిప్పుతున్నారు, పిన్ని గొంతు అనుకరిస్తున్నారు, చెప్పబోయే మాటకి తనే ముందు నవ్వేస్తున్నారు. నేను ఆయనకు ఎడమవైపు కూర్చున్నాను. ఆయన మాత్రం కుడివైపుకి తిరిగి, మంచు శుభ్రంగా తుడిచిన ఆ ఖాళీ జాగాతో చెబుతున్నారు, నోట్లోంచి ఆవిర్లు వస్తుండగా, ఆపకుండా.