మూడో వరుసలో ప్రసాద్

2003 వేసవిలో నేను ఏలూరులో ప్రొబేషన్ అధికారిగా చేరాను. పద్దెనిమిదేళ్లు నిండనివారు నేరం చేస్తే జువెనైల్ బోర్డు చాలామందిని ఇంటికే పంపి, పర్యవేక్షణ మాకు అప్పగించేది. నెలనెలా చూసి నడవడి గురించి నివేదిక ఇవ్వాలి. పేరు, కేసు బయటికి పొక్కకూడదు. అది చట్టం.

వారిలో ఒకడిని ప్రసాద్ అంటాను. అసలు పేరు ఇప్పటికీ రాయకూడదు. కొల్లేటి లంక కుర్రాడు, పదిహేడేళ్లు. చేపల చెరువు మీద నీళ్లు తోడే ఇంజను దొంగిలించి పట్టుబడ్డాడు. తర్వాత తాడేపల్లిగూడెంలో సూర్రావు గారి టైలరు షాపులో కాజాలు కుట్టే పనికి కుదిరాడు. యజమానికి కేసు సంగతి తెలియదు. తెలిస్తే పని పోతుందని ప్రసాద్ భయం. అందుకని నేను నా ఉద్యోగం చెప్పకుండా, బట్టలు కుట్టించుకునే మిషతో వెళ్లేవాణ్ణి.

“నెలకో చొక్కా ఏం చేసుకుంటారండీ, పెళ్లిచూపులేమన్నా ఉన్నాయా?” అని సూర్రావు గారు వేళాకోళమాడేవారు.

ఆ ఏడాది చివర అక్కడి నాటిక పోటీలకు నన్ను అతిథిగా పిలిచారు. ఆ సాయంత్రం నాటిక దారితప్పిన ఒక కుర్రాడి కథ. తీరా వేదిక పక్కనున్న నా కుర్చీలోంచి చూస్తే మూడో వరుసలో సూర్రావు గారు, పక్కన ప్రసాద్. స్టేజీ తెరలు కుట్టింది వాళ్లే.

నాటికలో కుర్రాడు తల్లి గొలుసు తెంపుకుపోతాడు. అడ్డొచ్చిన చెల్లెలిని కొడతాడు. చివరికి ఊరందరి ముందు తల్లి కాళ్ల మీద పడి ఏడుస్తాడు. జనం కళ్లు తుడుచుకున్నారు. ప్రసాద్ తల వంచుకుని బొటనవేలి గోరు గిల్లుకుంటున్నాడు. నాకూ తల ఎత్తబుద్ధి కాలేదు. మేము నివేదికల్లో ‘పశ్చాత్తాపం’ అన్న గడి నింపడానికి పిల్లల దగ్గర వెతికింది ఆ ఏడుపునే.

తెర పడ్డాక నిర్వాహకుడైన ఉల్లిపాయల వ్యాపారి మైకు అందుకున్నారు. “ప్రొబేషన్ ఆఫీసరు గారు మన మధ్యనే ఉన్నారండి. వారి చేతికింద ఇలాంటి కుర్రాళ్లు బోలెడుమంది. ఇక్కడెవరన్నా ఉంటే రమ్మనండి సార్, నటుడికి శాలువా వాడి చేత కప్పిద్దాం.”

“ఎవరూ లేరండీ” అన్నాను. ఆ మాట అంటూండగానే నా చూపు మూడో వరుస మీదికి పోయింది. సూర్రావు గారు నన్నే చూస్తున్నారు. మెల్లగా పక్కకు తిరిగి ప్రసాద్‌ని చూశారు. నెలకో చొక్కా ఎందుకో ఆయనకు అప్పుడు అర్థమైంది.

శాలువా నేనే కప్పాను.

మర్నాడు షాపుకు వెళ్లాను. సూర్రావు గారు మర్యాద తప్పలేదు. “మీరన్నా చెప్పాల్సిందండీ. ఇన్నాళ్లూ షాపు వాడి మీద వదిలేసి భోజనానికెళ్లాను” అన్నారు. ఇన్నాళ్లలో ఏమైనా పోయిందా అని అడగాల్సింది. అడగలేదు. ప్రసాద్ అప్పటికే సంచి సర్దుకున్నాడు.

బస్టాండు దాకా వాడి వెంట నడిచాను. నేనెవరికీ చెప్పలేదురా అన్నాను.

“చెప్పలేదండి. చూశారు” అన్నాడు.

వట్లూరులో వాడికి మరో షాపు దొరకడానికి చాలా నెలలు పట్టింది. తర్వాత నా సర్వీసులో, పర్యవేక్షణలోని పిల్లలు పనిచేసే ఊళ్లో ఏ సభకూ అతిథిగా వెళ్లలేదు. కొత్తగా చేరినవారికి శిక్షణలో చట్టంతోపాటు ఇదీ చెప్పేవాణ్ణి: పిల్లవాడు నలుగురిలో కనబడితే ముందు అతనే పలకరించాలి. పలకరించకపోతే మీరు అతన్ని ఎరగరు.