ఎత్తిన చెయ్యికీ పడిన పలకకీ మధ్య

బండ్ల నంబరు ప్లేట్లు రాసే ఆ అమ్మాయిని వీధిలో అందరూ నంబర్లక్క అని పిలుస్తారు. ఆమె కుంచె పట్టిందంటే గీత వంకర పోదు. అంకెకీ అంకెకీ మధ్య ఎడం వెంట్రుకవాసి కూడా మారదు. అంత కుదురైన చెయ్యి బొమ్మల కథ దగ్గరికి వచ్చేసరికి తడబడుతోంది. తడబడడానికి వీల్లేని సమయమూ అదే. సోమవారం ఉదయం తమ్ముడి మీద విచారణ.

తమ్ముడికి పుట్టుకతో వినపడదు, మాట రాదు. అచ్చాఫీసులో కాగితాలు కత్తిరించే యంత్రం మీద అతని పని. కాగితాల కట్టను బల్ల మీద సర్దాక పెడల్ తొక్కితే, పైనుంచి ఇనప పలక దిగి కట్టను అదిమి పట్టుకుంటుంది. కత్తి ఆ తర్వాత. కిందటి వారం ఆ పలక కింద కట్టతో పాటు తోటి పనివాడి వేళ్లు కూడా నలిగాయి. పొడుగు అని అందరూ పిలిచే ఆ మనిషి ఆసుపత్రిలో ఉన్నాడు. తల వంచి కట్ట సర్దుతున్నాననీ ఏమీ చూడలేదనీ అంటున్నాడు. చూశానన్నవాడు సూపర్‌వైజర్ ఒక్కడే.

"ఎవరూ చెప్పకుండానే తొక్కేశాడండీ. వినపడని మనిషిని యంత్రం మీద పెట్టొద్దని నేను మొదటినుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను."

ఆ మాట నిలబడితే తమ్ముడి ఉద్యోగం ఊడుతుంది. అంతటితో పోదు, స్నేహితుడి చెయ్యి పాడుచేసినవాడన్న పేరు జన్మంతా అతని మెడకు వేలాడుతుంది. కాదని చెప్పుకోవడానికి అతనికి నోరు లేదు. నోరు లేనివాడి మౌనాన్ని ఒప్పుకోలుగా రాసుకోవడం ఎవరికైనా సులువే.

అక్క విచారణాధికారి దగ్గరికి వెళ్లింది. "వాడి సైగలు నాకు తెలుసండీ. పక్కన కూర్చుని నేను చెప్తాను."

"తోబుట్టువువి కదమ్మా! నువ్వు చెప్పింది అతని మాటని నేనెలా నమ్మేది?"

"పోనీ, బొమ్మల్లో చెప్పొచ్చా?"

అధికారి నవ్వాడు. నవ్వుతూనే ఒప్పుకున్నాడు. "బొమ్మల్లో ఒక్క అక్షరం ఉన్నా అది నీ వాంగ్మూలం అవుతుంది. అక్షరం లేకుండా గియ్యి. అతను చూసి, జరిగింది ఇదేనని సంతకం పెట్టాలి. నువ్వు గదిలో కూర్చో, కానీ నోరూ కదపకూడదు, చెయ్యీ కదపకూడదు."

అక్షరాలు అమ్ముకుని బతికే మనిషికి ఎంత చక్కని షరతు!

ఒకప్పుడు పిల్లల పత్రికలో బొమ్మల కథలు వేసి, చూపు మందగించాక ఇంటిపట్టున ఉంటున్న మాస్టారి దగ్గర ఆమె కొన్నాళ్లుగా పాఠాలు నేర్చుకుంటోంది. ఆయన పరీక్ష ఒకటే. పెన్సిల్ ముక్కును గరుకు కాగితం మీద అరగదీసి, ఆ నల్లపొడిని చూసేవాళ్ల చూపుడువేలికి రాసి, బొమ్మల మీద వేలు పోనిస్తూ కథ చూడమంటారు. వేలు ఆగకుండా సాగితే పేజీ మీద సన్నని గీత మిగులుతుంది. ఎక్కడైనా ఆగితే అక్కడ మచ్చ పడుతుంది. గీసినవాళ్లు మాత్రం కిక్కురుమనకూడదు. "పక్కన నిలబడి వివరించేది కథ కాదమ్మా, బుకాయింపు," అంటారాయన.

శనివారం మధ్యాహ్నం ఆమె పేజీ పట్టుకొచ్చింది. మాస్టారు కేకేస్తే పక్కవాటా పిన్ని చేతులు తుడుచుకుంటూ వచ్చింది. వేలికి పొడి రాయించుకుంటూ, "ఈ మసి వదిలించుకోడానికి సగం సబ్బు అయిపోతోంది. ఆ సబ్బేదో మీరే కొనివ్వండి," అంది.

వేలు కదిలింది. యంత్రం, కట్ట మీదికి వంగిన పొడుగు, పక్కన తమ్ముడు. అంతవరకూ గీత నున్నగా సాగింది. తర్వాతి గడిలో తమ్ముడు నడుము పైభాగం మాత్రమే కనిపిస్తూ పక్కకి చూస్తున్నాడు. ఆ తర్వాతి గడిలో పలక పడిపోయి ఉంది. వేలు అక్కడ ఆగింది, వెనక్కి వచ్చింది, గడి అడుగంచు దగ్గర తచ్చాడింది. మచ్చ నల్లగా, లావుగా తేలింది.

"ఏం అర్థమైంది?" అన్నారు మాస్టారు.

"అర్థం కావడానికేముంది! ఈ కుర్రాడు దిక్కులు చూస్తూ ఆ పొడుగాయన చెయ్యి నలగ్గొట్టాడు. ఏదన్నా పాతకక్ష ఉందేమో. అయినా వీడికి కాళ్లేవీ? ఏదో దాచింది ఈ పిల్ల."

పిన్ని సబ్బు వెతుక్కుంటూ వెళ్లిపోయింది.

"గడికీ గడికీ మధ్య ఈ తెల్ల సందు చూశావా?" మాస్టారు పేజీని కంటికి దగ్గరగా తెచ్చుకున్నారు. "ఇది నీది కాదు, చూసేవాడిది. నువ్వు వెయ్యని బొమ్మని వాడు ఇందులో వేసుకుంటాడు. నీకు నచ్చిందే వేసుకోవాలని వాడికి రూలేమీ లేదు. ఇంతకీ ఎవరు తొక్కారు?"

"వాడే, మాస్టారూ."

"ఎందుకు?"

"సూపర్‌వైజర్ చెయ్యెత్తాడు. ఆ హోరులో చెవులున్నవాళ్లకీ ఏమీ వినపడదు. ఆయన చెయ్యెత్తితే తొక్కాలి, అందరికీ అదే గుర్తు. ఆ రోజు ఫోన్ చెవిన పెట్టుకుని గేటు దగ్గర ఎవర్నో రమ్మని ఎత్తాడట."

"మరి ఆ చెయ్యేది నీ బొమ్మలో?"

"చెయ్యి వేస్తే కాలూ వెయ్యాలి కదా! కాలు వేస్తే నా తమ్ముణ్ణి నేనే పట్టిచ్చినట్టు కాదూ?"

"కాలు దాచి మనిషినే పట్టిచ్చావు కదే!"

ఆమె ముఖం మాడ్చుకుని ఇంటికి వెళ్లింది. మాస్టారి మీద కోపంతోనే ఆ మచ్చ పడిన పేజీని తమ్ముడి ముందు పెట్టి, సంతకానికి పెన్ను ఇచ్చింది. అతను బొమ్మలన్నీ చూశాడు. పెన్ను ముట్టుకోలేదు. తను ఉన్న గడి అడుగంచు మీద వేలితో కొట్టాడు. తన కాలు చూపించాడు. మళ్లీ కొట్టాడు. మీసం మెలేశాడు; అతని భాషలో సూపర్‌వైజర్ అంటే అదే. చెయ్యి పైకెత్తాడు. ఆపైన పొడుగుకి నలిగిన వేళ్లను తన వేళ్లతో చూపబోయి, ఆగి, ముఖం తిప్పుకున్నాడు.

నిజం చెప్పడానికి భయపడింది వాడు కాదని ఆమెకు అప్పుడు తెలిసింది.

ఆదివారమంతా గీసింది. మొదట రోజూ జరిగే పని: సూపర్‌వైజర్ ఎత్తిన చెయ్యి, తొక్కిన కాలు, కట్ట మీద దిగిన పలక, చేతులు వెనక్కి తీసుకుని దూరంగా నిలబడ్డ పొడుగు. కింది వరసలో ఆనాటి సంగతి: జారిన కాగితాన్ని సర్దడానికి మళ్లీ వంగిన పొడుగు, ఫోన్‌తో గేటు వైపు తిరిగి చెయ్యెత్తిన సూపర్‌వైజర్, ఆ చెయ్యినే చూస్తున్న తమ్ముడి కళ్లు, పెడల్ మీద అతని కాలు, పలక. ఎత్తిన చేతులు రెంటినీ నంబరు ప్లేటు మీద ఒకే అంకెను రెండుసార్లు రాసినట్టు, ఒకే కొలతలో, ఒకే వంపులో దించింది. తమ్ముడు సంతకం పెట్టాడు.

సోమవారం ఆ గదిలో పొడవాటి బల్ల, దానికి అటు సూపర్‌వైజర్, ఇటు తమ్ముడు. అక్క గోడ వారగా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కదపకూడని చేతులు ఎంత బరువో అప్పుడు తెలిసింది. అధికారి కళ్లజోడు సవరించుకుని పేజీ మీద వేలు పెట్టాడు.

వేలు పై వరస దాటింది. కింది వరసలోకి దిగింది. ఫోన్ పట్టుకున్న సూపర్‌వైజర్ దగ్గర ఆగింది. వెనక్కి పోయింది.

ఆగిందంటే మచ్చ. వెనక్కి పోయిందంటే అర్థం కాలేదన్నమాట. నోరు తెరిచి ఒక్క మాట చెప్తే చాలు. చెప్తే పేజీ చెల్లదు. అక్క పెదవి కొరుక్కుంది.

వేలు పైనున్న చెయ్యి మీద నిలిచింది. కిందికొచ్చి రెండో చెయ్యి మీద నిలిచింది. మళ్లీ పైకి.

"పలక దించమని మీరు గుర్తు ఎలా ఇస్తారు?" అధికారి తల ఎత్తకుండానే అడిగాడు.

"గుర్తూ లేదు, పాడూ లేదండీ!" సూపర్‌వైజర్ లేచాడు. "ఆగండి, అసలు నేను చెప్తాను..." అంటూ చెయ్యి పైకెత్తాడు.

బల్ల కింద టప్‌మని చెప్పు చప్పుడైంది.

గదిలో అందరూ బల్ల కిందికి చూశారు. ఆ చప్పుడు విననివాడు తమ్ముడొక్కడే. అతని కళ్లు సూపర్‌వైజర్ చేతి మీద ఉన్నాయి. అక్కడ లేని పెడల్‌ను అతని కుడికాలు తొక్కిపట్టి ఉంది. అందరూ తన కాలినే చూస్తున్నారని గ్రహించి, తప్పు చేసినవాడిలా వెనక్కి లాక్కున్నాడు.

సూపర్‌వైజర్ చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. "దించండి," అన్నాడు అధికారి. "దించి, ఆ రోజు ఫోన్లో ఎవరితో మాట్లాడారో చెప్పండి."

సాయంత్రానికి తమ్ముడి మీది అభియోగం కొట్టేశారు. చెయ్యెత్తే పద్ధతి ఆపి, గుర్తు కోసం యంత్రానికి దీపం బిగించమని కూడా ఆ ఉత్తర్వులోనే రాశారు. తమ్ముడు ఆ కాగితం జేబులో పెట్టుకుని, ఇంటికి కూడా రాకుండా, పొడుగును చూడటానికి ఆసుపత్రికి పోయాడు.

అక్క మాస్టారి ఇంటికి పరుగెత్తింది. ఆయన అంతా విని, "వేలు వెనక్కి వెళ్లిందన్నావు కదూ?" అన్నారు.

"గెలిచాం మాస్టారూ!"

"గెలిచింది మీ తమ్ముడి కాలు. నీ పేజీ ఇంకా గట్టెక్కలేదు. ఆ రెండు చేతులూ పక్కపక్కన ఉంటే వేలు పైకీ కిందికీ ఎందుకు తిరుగుతుంది? గియ్యి మళ్లీ."

ఆమె ఆయన వంక కోపంగా చూసింది. చూసి, స్కేలు అందుకుంది.