సద్ది తిన్నంకనే గోలీ

ఈ ఉదయం భూపాలపల్లిలో నా మందుల దుకాణం షట్టర్ ఎత్తేసరికి ముందున్న బల్ల మీద ఒక బొగ్గుబావి కార్మికుడు కూర్చుని టిఫిన్ గిన్నె మూత తీస్తున్నాడు. లోపల జొన్నరొట్టె, ఎండుమిరపకాయ తొక్కు. ఆ ఘాటు తగలగానే నాకు తుమ్ము వచ్చింది. తుమ్ము వెనకే రాజ్యక్క గుర్తొచ్చింది. "తింటున్న మేడమ్, సూడుండ్రి. ఇగ నా నడుము నొప్పి గోలీలు తియ్యుండ్రి" అంటూ అతను డాక్టరు చీటీ గల్లా మీద పెట్టాడు. తినకుండా వస్తే నేను వెనక్కి పంపుతానని ఈ బజారులో అందరికీ తెలుసు. మొండిదాన్నని పేరు కూడా ఉంది. ఆ పేరు నా సొంతం కాదు, రాజ్యక్క దగ్గర వారసత్వంగా వచ్చింది.

రాజ్యక్కది లింగాల ఘనపూర్ వైపు, భూములున్న కుటుంబం. మందుల చదువు చదువుకుని, పెళ్లయి మరిపెడకు వచ్చి, అక్కడ మెడికల్ షాపు పెట్టింది. మాది మరిపెడ దగ్గరి తండా. ఇంటర్ అయ్యాక ఊరికే ఉండటం ఎందుకని ఆమె దగ్గర పనికి చేరాను. సన్నగా ఉండేది, గొంతు మాత్రం పెద్దది. అడిగిన మందు తీసి ఇచ్చేయడం ఆమెకు చేతకాదు. ఎవరికి, ఎందుకు, ఎన్నాళ్ల నుంచి, ఇంకేం వాడుతున్నారు అని పోలీసులా అడిగేది. కొందరు విసుక్కునేవారు, కొందరు నవ్వుకునేవారు. నేను మొదట్లో రెండూ చేసేదాన్ని.

మా వైపు మిర్చి ఏరే కాలం వస్తే తెల్లారకముందే ట్రాలీ ఆటోలు కదులుతాయి. పొద్దంతా నడుం వంచి, ఎండలో ఆ ఘాటు పీలుస్తూ ఏరాలి. మా యాడి, అంటే మా అమ్మ ద్వాలి, ఒక కూలీల ముఠాకు పెద్ద. ముఠాల్లో ఒక అలవాటు ఉండేది. చేను గట్టు మీద పొద్దున చాయ్ తాగేటప్పుడు పెద్ద తన కొంగుముడి విప్పి అందరికీ తలా ఒక నొప్పి గోలీ పంచేది. నొప్పి వచ్చాక వేసుకునేది కాదు, రాకముందే వేసుకునేది. కడుపులో చాయ్ తప్ప ఏమీ ఉండదు. సద్ది విప్పేది ఎండెక్కాకనే. ఎవరూ దాన్ని మందు అనుకోలేదు, చాయ్‌తో పాటు ఇచ్చే మర్యాద అనుకున్నారు. గోలీ పంచే పెద్దమ్మ మంచి పెద్దమ్మ. మా యాడి చాలా మంచి పెద్దమ్మ.

నేను పనిలో చేరిన ఏడాదే ఆ మర్యాదకు దెబ్బ తగిలింది. పొద్దున్నే యాడి షాపు ముందు ట్రాలీ ఆపించి, ముఠా మొత్తానికి గోలీలు ఇమ్మంది. లోపల నేనున్నానన్న ధీమా ఆమె ముఖంలో కనిపించింది.

"అందరికి ఒకటే నొప్పా ద్వాలీ?" అంది రాజ్యక్క. "దింపు వాళ్లను. ఎవలకు వాళ్లే వచ్చి అడగమను."

"పొద్దు పోతుందక్కా. రైతు ఫోన్ మీద ఫోన్ చేస్తుండు."

"చెయ్యనియ్యి. ఏరే మనిషి ఉంటెనే గద ఆయన మిర్చి ఇంటికి పోయేది."

డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు. రాజ్యక్క ఆడవాళ్లను ఒక్కొక్కరినే అడిగింది. ఒకామె నెలలు నిండుతున్న గర్భిణి. ఒకామెకు ఆయాసం. యాడికి మోకాళ్ల నొప్పులు, పైగా బీపీ గోలీలు నడుస్తున్నాయి. "ఈ గోలీ కడుపులున్న పిల్లకు మంచిది కాదు. ఆయాసం ఉన్నోళ్లకు కొందరికి దమ్ము ఆడనియ్యది. బీపీని పెంచుతది. ఎండల నీళ్లు తాగక చెమట కార్చినోళ్ల కిడ్నీలను పట్టుకుంటది" అని చెప్పి, డాక్టరు చీటీ ఉన్న ఒక్కామెకు మాత్రం ఇచ్చింది. అదీ ఆమె బల్ల మీద కూర్చుని సద్ది తిన్నాకనే. మిగిలిన వాళ్లకు ఎవరికేది సరిపోతుందో చూసి, ఒకరికి పూత మందు ఇచ్చి, ఒకరికి ఉప్పు మూటతో కాపడం పెట్టుకోమని చెప్పి, యాడిని డాక్టరు దగ్గరకు వెళ్లమంది. యాడి ఏమీ తీసుకోలేదు. నేరుగా రోడ్డు దాటింది. అక్కడి మందుల దుకాణంలో ప్రశ్నలుండవు.

ఆ రోజు ఇంట్లో అగ్గి. మా ఇంటి భాషలో యాడి తిట్టిన తిట్లు తెలుగులో రాస్తే పస ఉండదు. "నా ముఠా ముందు నన్ను దొంగను చేసింది. భూములున్నోళ్లు ఎన్నడన్న నడుం వంచిన్రా, నొప్పంటే ఏం తెలుసు వాళ్లకు? ఆ పని మానెయ్" అంది. నాకూ కోపమే వచ్చింది. మర్నాడు రాజ్యక్కను నిలదీశాను. "నొప్పి ఓర్సుకొమ్మని చెప్పుడు అలకన అక్కా, ఓర్సుకునుడు కష్టం. మా వాళ్లు ఏరకపోతే పొయ్యి ఎలగది" అన్నాను.

ఆమె చేతిలో పని ఆపి నా వైపు తిరిగింది. "ఓర్సుకొమ్మని నేనన్ననా? గోలీ చెడ్డదని అన్ననా? నొప్పి ఉన్నోళ్లకు అది దేవుని లెక్కనే. ఎవలకు పనికొస్తదో, ఎంత, ఎన్నొద్దులు అనేది డాక్టర్ చెప్పాలె. తక్కువల తక్కువ, పనైనంక బంద్. చాయ్‌ల బిస్కెట్ లెక్క దినాం తినేది కాదది. మీ యమ్మకు శత్రువును కాను బిడ్డా. అడగకుంట ఇచ్చేటోడే శత్రువు."

అయినా నా కోపం తగ్గలేదు. ముఠాలన్నీ ఎదుటి దుకాణానికి మళ్లాయి. మా షాపు ముందు బల్ల బోసిపోయింది. రాజ్యక్క ఆ బల్లను రోజూ పొద్దున్నే తుడిచి పెట్టేది.

మిర్చి చివరి ఏరుడు నాటికి యాడి కాళ్లు ఉబ్బాయి. ముఖం పాలిపోయింది. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. "వేడి చేసింది" అని మజ్జిగ తాగి, ఒళ్లు నొప్పులకని ఊరి ఆర్‌ఎంపీ దగ్గర ఇంకో గోలీ తెచ్చుకుంది. ఒకటి తెల్లది, ఒకటి ఎర్రది కాబట్టి రెండూ వేరని ఆమె లెక్క. షాపులో మాటల మధ్య నేను ఈ వేడి సంగతి చెప్పాను. రాజ్యక్క ముఖం మారిపోయింది.

"దొడ్డికి ఎట్ల పోతుందంటది?"

"నల్లగ అయితుందట. తారు లెక్క. వేడికే అనుకుంటుంది."

బేరాల వేళ షట్టర్ దించడం ఆ ఒక్కసారే చూశాను. "అది వేడి కాదే, రక్తం. కడుపుల పుండు పడి లోపల్నే కారుతుంది" అంటూ నన్ను ఆటో ఎక్కించి తనూ ఎక్కింది. దారిలో యాడి వేసుకునే రెండు గోలీలెలా ఉంటాయో అడిగి, పేర్లు రాబట్టి తల కొట్టుకుంది. "రంగు వేరు, పేరు వేరు, ఇంటిపేరు ఒకటే. ఒకటి సాలదని దాని చెల్లెను సుత తెచ్చుకున్నది."

చేనులో యాడి మిర్చి సాలులోనే ఉంది. పెదవులు తెల్లగా ఉన్నా చేతులు ఏరుతూనే ఉన్నాయి. "ఇయ్యాల్టితోని అయిపోతది, రేపొస్త" అంది. ముఠా పెద్ద మధ్యలో లేచిపోతే పని ఆగుతుందని ఆమె భయం. నేను ఏడ్చాను, బతిమాలాను. వినలేదు. రాజ్యక్క చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని వెళ్లి, యాడి పక్కన ఆ మట్టి సాలులో కూలబడింది. "నువ్వు లేసేదాక నేను సుత లేవ. పొద్దు గూకినా సరే." రాలిన మిర్చి మీద ఆనించిన ఆమె చేతులకు ఆ ఘాటు అలవాటు లేదు. కళ్లు తుడుచుకుంటే ఇంకా మండి, నీళ్లు ధారగా కారాయి. యాడి చేతులు ఏరడం ఆపాయి. తర్వాత నా భుజం పట్టుకుని లేచింది. లేచిన వెంటనే కళ్లు తిరిగి మా ఇద్దరి మీదా పడిపోయింది.

మహబూబాబాద్ పెద్ద దవాఖానలో రక్తం ఎక్కించారు. ఇంకా ఆలస్యమైతే మనిషి దక్కేది కాదని డాక్టరు నా ముఖం మీదే చెప్పాడు. యాడికి తెలివొచ్చాక మొదట అడిగింది మోకాళ్ల గురించే. "గోలీ లేకుంటె నొప్పి పోదు గదక్కా. ఇగ నేనెట్ల బతకాలె?"

కళ్లు ఇంకా ఎర్రగానే ఉన్న రాజ్యక్క మంచం పట్టీ మీద కూర్చుంది. "నొప్పికి డాక్టర్ వేరే తొవ్వ చూపిస్తడు. అయినా జరంత ఉంటది ద్వాలీ, అబద్ధం చెప్ప. నొప్పి ఉంటది. నువ్వు సుత ఉండాలె గద."

మరుసటి ఏడు మిర్చి కాలం మొదలైన రోజు ట్రాలీ మళ్లీ మా షాపు ముందు ఆగింది. యాడి ముందు దిగి, ముఠాను దింపి, సద్దులు విప్పించింది. బల్ల చాలక సగం మంది మెట్ల మీద కూర్చున్నారు. నొప్పి లేనివాళ్లు కూడా తిన్నారు. "తిన్నంత మాత్రాన ఈ గోలీ సాధువు కాదు, మల్ల చెప్తున్న" అని లోపలి నుంచి రాజ్యక్క అరుస్తూనే ఉంది. యాడి కొంగుముడిలో ఆనాటి నుంచి పల్లీలు, బెల్లం ముక్కలు. చాయ్‌కి ముందు పంచేది అవే.

నన్ను ఫార్మసీ చదివించింది కూడా రాజ్యక్క మొండితనమే. ఇప్పుడామె పుట్టినూరికి వెళ్లిపోయింది. మొన్న జనగామలో బస్సు దిగి చూడటానికి వెళ్తే, మోకాళ్లకు పట్టీలు వేసుకుని గోలీ చేతిలో పట్టుకుని ఉంది. "తిన్నవా అక్కా? కిడ్నీ పరీక్ష చేయించినవా?" అన్నాను. "చూడు, నా పాఠం నాకే చెప్తుంది" అని నవ్వి, వంటింట్లోకి వెళ్లి అన్నం పెట్టుకుని వచ్చింది.

బొగ్గుబావి అన్న రొట్టె ముగించి చేతులు కడుక్కున్నాడు. బీపీ లేదని, వేరే గోలీలేవీ వాడటం లేదని అడిగి తెలుసుకుని, డాక్టరు రాసినన్నే ఇచ్చాను. దొడ్డికి నల్లగా అయితే ఆగకుండా దవాఖానకు పరిగెత్తమన్నాను. మరో నాలుగు ఎక్కువ ఇమ్మన్నాడు, ఇవ్వలేదు. గొణుక్కుంటూ వెళ్లాడు. గొణగనీ.

ఇంతలో యాడి ఫోను. ఈ ఏడు కూడా ముఠాతో చేనుకు పోతోంది. మోకాళ్లెలా ఉన్నాయని రోజూ అడిగినట్టే అడిగాను. ఆమె కూడా రోజూ చెప్పినట్టే మా ఇంటి భాషలో చెప్పింది: "నొప్పి ఉంది బిడ్డా. నేను కూడా ఉన్నా."