ఐసు ప్లాంటులో ఆగని ఇంజిను

ఇరవై ఏళ్ళ వయసులో ఒక్కొక్కడి దగ్గర ఒక్కోటి పుష్కలంగా ఉంటుంది. కొందరికి జుట్టు, కొందరికి స్నేహితులు. ఆ రోజుల్లో నా దగ్గర కావలసినంత ఉన్నది భయం. మా అయ్య, ఆయన అయ్య, అందరూ గోపాల్‌పూర్ ఒడ్డున వలేసి బతికినవాళ్ళే. నేను మాత్రం పడవెక్కితే చాలు, కడుపులో ఉన్నదంతా సముద్రానికి సమర్పించుకునేవాణ్ణి. మూడుసార్లు చూశాక మా అయ్య, "ఈడు నీటికి పనికిరాడు, నేలమీద ఏదో పని సూడాలి" అని తేల్చేశాడు. అలా నన్ను బరంపురం పంపి, అక్కడ అంకులి పేటలో డీజిల్, గ్యాస్ జనరేటర్ల మెకానిక్ ట్రైనింగులో చేర్చారు. జనరేటరంటే పెళ్ళి షామియానా వెనకాల గుడగుడలాడే పెద్ద పెట్టె అనుకున్నాను. అలలుండవు, ఊగదు, ఒకచోట పడి ఉంటుంది, ఇంకేం కావాలని సంతోషించాను. (ఒకచోట పడి ఉన్న వస్తువు మనిషిని ఎంత భయపెట్టగలదో అప్పటికి నాకు తెలీదు.)

రేకుల షెడ్డు, ఆరు జనరేటర్లు, ఎనిమిది మందిమి మేము, మా అందరికీ ఒక మాస్టారు. ఆయన్ని చాటుగా 'గవర్నర్' అనేవాళ్ళం. ఇంజిను వేగం హద్దు దాటకుండా చూసే భాగాన్ని మా పనిలో గవర్నర్ అంటారు, ఆయన మా వేగాన్ని అలాగే చూసేవారు. సొంతూరు సోంపేట వైపు, బరంపురం వచ్చి ముప్పై ఏళ్ళు, అందుకని తిట్టు ఒడియాలో మొదలై తెలుగులో ముగిసేది. "బయపడినోడు మెకానిక్ అవ్వడురా" అని రోజుకోసారి అనేవారు. అన్నప్పుడల్లా నావైపే చూసేవారు. కారణం లేకపోలేదు. గ్యాస్ జనరేటర్ గొట్టం అతుకుల మీద సబ్బునురగ రాసి, బుడగ లేస్తే అక్కడ గ్యాస్ లీకవుతోందని కనిపెట్టాలి. నేను బ్రష్షును చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని, మొహం తలుపువైపు తిప్పుకుని రాసేవాణ్ణి. బుడగ లేచిందీ లేనిదీ పక్కవాడు చూసి చెప్పాల్సిందే. బ్యాటరీ తీగ తగిలించేటప్పుడు ఒక నిప్పురవ్వ ఎగిరిందంటే ఆ పూట నాకు అన్నం సయించేది కాదు. ఇంటినుంచి ఫోన్ వచ్చి మా అయ్య, "బయం గియం లేదు గదా" అని అడిగితే మాత్రం, అసలు ఆ మాట ఎప్పుడూ విననట్టు "ఏటి బయం?" అనేవాణ్ణి.

నాలుగో నెలలో మాస్టారు మమ్మల్ని ముగ్గుర్ని వెంటబెట్టుకుని సముద్రపు ఒడ్డున ఒక ఐసు ప్లాంటుకి సర్వీసు పనికి తీసుకెళ్ళారు. చేపలకి వేసే ఐసు అక్కడ తయారవుతుంది. కరెంటు పోతే దిమ్మలన్నీ కరిగి నీరైపోతాయి కాబట్టి గోడవారన ఒక గదిలో ఏనుగుపిల్లంత జనరేటర్ ఉంది. దాన్ని చూసుకునేది ఒక ముసలాయన, ఒడియా మనిషి. అందరూ ఆయన్ని 'మవుసా' అనేవారు, ఒడియాలో బాబాయి లాంటి పిలుపు. పొద్దున్నే ఆ జనరేటర్‌ని గుడ్డపెట్టి తుడిచి, దాని ముందు ఒక అగరుబత్తి వెలిగించి గానీ టీ తాగేవాడు కాదు. ఆయన కళ్ళకి శుక్లాలు ముదురుతున్నాయి. ఆ సంగతి ఆయన దాచేవాడు, అందరికీ తెలుసు.

మాస్టారు నాకు అప్పజెప్పిన పని చాలా చిన్నది. ఇంజిన్లో ఆయిల్ ఎంత ఉందో చూడు, తగ్గితే పొయ్యి, అన్నారు. ఆయిల్ చూడ్డానికి ఒక సన్నటి ఇనపపుల్ల ఉంటుంది. దాన్ని తుడిచి, అడుగుదాకా దింపి, తీసి, దాని మీది గీతదాకా ఆయిల్ తడి ఉందా అని చూడాలి. అప్పుడే ఆపిన ఇంజిను, ఒళ్ళంతా సెగలు కక్కుతోంది. చెయ్యి కాలుతుందని నేను పుల్లని సగం దింపి లాగేశాను. కొసకి ఆయిల్ అంటీ అంటనట్టుంది. అయ్యో అనుకుని ఒక డబ్బా పోశాను. మళ్ళీ అలాగే సగం దింపి చూశాను, ఇంకా తక్కువే. రెండో డబ్బా కూడా పోశాను. (పొద్దున్నే మవుసా సరిగ్గా గీతదాకా పోసి ఉంచాడు. ఆ మాట ఆయన్ని అడగాలని నాకు తట్టలేదు.) "సరిపోనాది మాస్టారూ" అని చెప్పి, చేతులు తుడుచుకుని, ఆ పూటకి బతికిపోయానని పక్కనే గోడవారన నిలబడ్డాను.

ఎయిర్ ఫిల్టర్ బిగించకముందే ఒకసారి స్టార్ట్ చేసి శబ్దం వినడం మాస్టారి అలవాటు. (నేను ఇప్పుడు ఎవరికీ నేర్పని అలవాటు.) స్టార్ట్ చేశారు. నిమిషంసేపు మామూలుగానే తిరిగింది. తర్వాత గొంతు మారింది. గురక కాస్తా కేక అయింది, కేక ఈల అయింది. పొగగొట్టంలోంచి నీలం పొగ గుప్పుగుప్పున వచ్చి గదంతా కమ్మేసింది. మాస్టారు స్టాప్ లీవర్ లాగారు. ఆగలేదు. డీజిల్ వాల్వు కట్టేశారు. ఆగలేదు సరికదా ఇంకా పెరిగింది. లోపల ఎక్కువైన ఆయిల్‌నే తాగుతూ, డీజిల్‌తో పనిలేకుండా తనంతట తానే తిరుగుతోంది. అలా ఇంకాసేపు తిరిగితే లోపలి ఇనుము ముక్కలై గోడలు పగలగొట్టుకుని బయటికొస్తుందని, గాలి అందకుండా చేస్తేనే ఆగుతుందని పాఠంలో విన్నాం. ఆ పాఠం చెప్పిన మాస్టారు "ఎవులూ పరిగెత్తొద్దు" అంటూ అందరికన్నా ముందు పరిగెత్తారు. ఆయన వెనక నా తోటివాళ్ళిద్దరూ, వాళ్ళ వెనక మవుసా.

నేను పరిగెత్తలేదు. అది ధైర్యమని ఆ తర్వాత చాలామంది అన్నారు. నిజమేమిటంటే కాళ్ళు రాలేదు. గోడకి అతుక్కుపోయి నిలబడ్డాను. నేల అదురుతుంటే పళ్ళు టకటకమంటున్నాయి. చచ్చిపోతున్నాననే అనుకున్నాను. మా అమ్మ ఆ పూట ఏం కూర వండి ఉంటుందా అని కూడా అనుకున్నాను, ఎందుకో తెలీదు. బయటినుంచి మాస్టారి గొంతు వినిపించింది. "గాలి మూసీరా, గాలి గొట్టం మూసీ."

అప్పుడు పొగలోంచి ఒక చెయ్యి వచ్చింది. ఐసు కోసం వరండాలో కూర్చున్న చేపలమ్మే పెద్దమ్మది. ఎవరో ఏమిటో నాకు తెలీదు, వయసుని బట్టి పెద్దమ్మ అంటున్నాను. తను కూర్చునే చెక్కపీట తెచ్చి నా చేతిలో పెట్టి, "ఇది ఎట్టీ నాయినా, వేగిరం" అని నన్ను గోడనుంచి లాగి వీపు మీద ఒక్క తోపు తోసింది. ఆ తోపుకి నేను నడవలేదు, ఇంజిను మీద పడ్డాను. పడుతూనే పీటని గాలిగొట్టం నోటికి అడ్డం పెట్టాను. లోపలినుంచి ఎవరో లాక్కున్నట్టు అది ఠపీమని అతుక్కుపోయింది. ఇంజిను ఒకసారి ఎగశ్వాస తీసింది, రెండుసార్లు దగ్గింది, చచ్చిపోయింది. ఆ నిశ్శబ్దంలో నా ఏడుపు నాకే వినిపించింది.

ఆ తర్వాత జరిగిందంతా కలలాగుంది. ప్లాంటు యజమాని స్వయంగా నన్ను కుర్చీలో కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. ఐసు కోసం వచ్చిన ఆడవాళ్ళు పొగలోనే నిలబడ్డ కుర్రాణ్ణి చూడ్డానికి గుమ్మంలో గుంపుగూడారు. నా తోటివాళ్ళు భుజాలు తట్టారు. జీవితంలో మొదటిసారి నేను ధైర్యవంతుణ్ణి అయ్యాను. టీ సగం తాగేసరికి మాస్టారు ఆయిల్ పుల్ల తీసి చూశారు. గీత దాటి జానెడు పైకుంది. యజమాని మవుసా వైపు తిరిగి, కళ్ళు కనబడనప్పుడు చెప్పాలి కదా, రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు, అన్నాడు. మవుసా వాదించలేదు. కళ్ళు చిట్లించి ఇంజినువైపు చూస్తూ, పొద్దున్న ఒక్కసారే పోసినట్టు గుర్తు, రెండోసారి పోసి మరిచిపోయానేమో అని ఒడియాలో మెల్లగా అన్నాడు. తన మీద తనకే అనుమానం వచ్చేసింది ఆ మనిషికి.

ఇంజిను అరిచినప్పుడు పడ్డ భయం భయమే కాదు. ఆ కుర్చీలో కూర్చుని పడ్డదే భయం. నోరు విప్పితే మాస్టారు వెళ్ళగొడతారు, అయ్య మొహం ఎలా చూడాలి, మళ్ళీ పడవే గతి. విప్పకపోతే ఏమీ కాదు, ఎవరికీ తెలీదు. టీగ్లాసు కింద పెట్టాను. లేచి నిలబడ్డాను.

"మవుసా కాదు మాస్టారూ," అన్నాను. "నానే పోసినాను. రెండు డబ్బాలు. సెయ్యి కాల్తాదని పుల్ల సగమే దించినాను."

మాస్టారు ఆయిల్ పుల్ల తిరిగి దాని చోట పెట్టారు. తిట్టు ఏ భాషలో మొదలవుతుందా అని ఎదురుచూశాను. ఆయన యజమాని వైపు తిరిగి, తప్పు మాదేనని, ఇంజిను విప్పి కడిగి, ఏది పాడైతే అది మార్చి ఇస్తామని, మవుసా ఉద్యోగం సంగతి ఎత్తొద్దని చెప్పారు. తిరిగొచ్చి అంకులిలో ఆటో దిగాక, మిగతా ఇద్దరూ ముందుకెళ్ళేదాకా ఆగి, "నాను పరిగెత్తినాను గదా, ఆ మాట షెడ్డులో సెప్పకు" అన్నారు. సరేనన్నాను.

తర్వాత ఐదు రోజులు ఆ ప్లాంటులోనే ఉండి ఇంజిను కడిగాను. మవుసా పక్కన కూర్చుని, తనకి సరిగ్గా కనబడకపోయినా, పుల్ల అడుగు తగిలినప్పుడు వేళ్ళకి ఎలా తెలుస్తుందో నా చెయ్యి పట్టుకుని నేర్పాడు. కోపం లేదా మవుసా అని అడిగితే నవ్వి, తెచ్చుకున్న చపాతీల్లో నాకు రెండిచ్చాడు.

ఇప్పుడు బరంపురం బడా బజార్ వెనక సందులో నాకో చిన్న షెడ్డుంది. పని నేర్చుకోవడానికి పిల్లలొస్తుంటారు. మీకెప్పుడూ భయం వెయ్యలేదా అని అడుగుతారు. అప్పుడు ఐసు ప్లాంటు కథ చెబుతాను (మాస్టారు పరిగెత్తిన ముక్క వదిలేసి). పొగ, పీట, పెద్దమ్మ తోపు దాకా గొంతెత్తి, చేతులూపి చెబుతాను, వాళ్ళు పడీపడీ నవ్వుతారు. కుర్చీలో కూర్చుని టీ తాగే దగ్గరికొచ్చేసరికి మాత్రం, ఇన్నేళ్ళయినా, నా గొంతు దానంతటదే తగ్గిపోతుంది. పిల్లలు దగ్గరికి జరిగి వింటారు.