పొదుపులో పెట్టిన ల్యాప్‌టాప్

నా చదువు ఐదో తరగతితో ఆగింది గానీ, ఒకసారి కళ్లతో చూసింది మరిచిపోను. ఆరోజు మధ్యాహ్నం మా బిడ్డ ఇంట్లోనే ల్యాప్‌టాప్ మీద ఉద్యోగం పరీక్ష రాయాలి. ల్యాప్‌టాపేమో ఈడ్చుకుంటూ నడుస్తోంది. రిపేరు చేయిద్దామని అమీర్‌పేట బస్సెక్కాను.

పంజాగుట్ట దగ్గర బస్సు ట్రాఫిక్‌లో ఆగిపోయింది. పక్కన కూర్చున్న ఆఫీసావిడ నా ఒళ్లో ల్యాప్‌టాప్ చూసి, సంగతేంటని అడిగి, తెరిపించి చూసింది.

"దీన్ని కరెంటు పొదుపులో ఎవరు పెట్టారండి?"

"కొన్నప్పుడు షాపాయనతోని నేనే పెట్టించిన. కరెంటు తక్కువ కాలుతదని."

"మీరేం పని చేస్తారు?"

"మోటారు మిషన్ మీద బట్టలు కుడత."

"పెడల్ సగమే తొక్కితే జీన్స్ కుట్టగలరా? ఇదీ అంతే. పరీక్షప్పుడు చార్జర్ పెట్టి పూర్తి వేగం మీద ఉంచండి. మామూలు రోజుల్లో మధ్య వేగం చాలు, లేకపోతే ఊరికే వేడెక్కుతుంది."

మార్చి చూపించి, మళ్లీ మొదటికి తెచ్చి, చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఇప్పుడు మీరు చేయండి."

నాకు ఇంగ్లీషు అక్షరాలు రావు. ఆమె ఎక్కడెక్కడ నొక్కిందో అక్కడక్కడే నొక్కాను. ఆమె తలూపి కిటికీ వైపు తిరిగింది.

అమీర్‌పేటలో దిగి, రిపేరు షాపుకు పోకుండా రోడ్డు దాటి తిరుగు బస్సెక్కాను.

"మస్తు ఫాస్టుగుంది. ఎవరు బాగుచేసిన్రమ్మా?" అని ఇంట్లో ల్యాప్‌టాప్ తెరిచి అడిగింది బిడ్డ.

"నేనే," అన్నాను. నమ్మలేదు. పక్కన కూర్చోబెట్టుకొని నొక్కి చూపించాను.