కాశింబి పెద్దమ్మ, మా కోళ్లు

ఈ ఉదయం కోడలు పెరట్లో కోళ్ల గంప ఎత్తగానే వెచ్చటి ఈకలు, తడిసిన బూడిద, తవుడు కలిసిన వాసన వంటింటి దాకా వచ్చింది. ఆ వాసన తగిలితే నాకు కాశింబి పెద్దమ్మ గుర్తొస్తుంది. ఆమె పోయి చాలా ఏళ్లయింది. మా పిల్లలెవరూ ఆమెను చూడలేదు.

అప్పుడు రెండో ప్రపంచ యుద్ధం జరుగుతోంది. జమ్మలమడుగు దగ్గర నేతవాళ్ల వీధిలో మా ఇల్లు. నూలు దొరక్క మగ్గాలు ఆగిపోయాయి. మా ఆయన బనగానపల్లె మామిడితోటల్లో పనికి పోయాడు. ఇంట్లో మా అత్త, పద్దెనిమిదేళ్ల నేను మిగిలాం. కాశింబిది మా గోడ పక్క ఇల్లు. ఆమె భర్త దూది ఏకేవాడు. ఆయన పోయాక ఆమె కోళ్లను నమ్ముకుని బతికేది. ఒకరోజు నేను ఖాళీ మగ్గం ముందు కూర్చుని ఉంటే గోడ మీది నుంచి పిలిచింది.

"నాగమ్మా, ఊరికే కూర్చుంటే ఏమొస్తాదిమ్మే? ఒక పెట్టనిస్తా, పెంచుకుంటావా?"

"నాకేం తెల్దు పెద్దమ్మా."

"తెల్వకుంటే నేర్చుకోవల్ల. నాకేమన్నా పుట్టంగానే తెలుసునా?"

మా అత్త ఒప్పుకుంది గానీ, తెగులు కనబడిన రోజే అన్నింటినీ బయటికి తోలేస్తానని ముందే చెప్పింది.

పెద్దమ్మ ఇచ్చింది నల్లపెట్ట. అది పొదుగుకు వచ్చినప్పుడు పాత గంపలో బూడిద పోయించి, దాని మీద జొన్నచొప్ప పరిపించి, తొమ్మిది గుడ్లే పెట్టనిచ్చింది. ఇంకో నాలుగు పెడదామంటే ఒప్పుకోలేదు. "దాని రెక్కల కింద పట్టినన్నే పెట్టల్ల. ఆశకు పోతే అన్నీ చల్లబడతాయి" అంది. మూడో రోజు ఆత్రం పట్టలేక నేను కోడిని ఎత్తి చూడబోతే మణికట్టు మీద పొడిచింది. పెద్దమ్మ ఆ రక్తం చూసి, "అది దాని పని చేస్తాంది. నువ్వు నీళ్లు పెట్టి, నూకలు పెట్టి ఇవతలికి రా" అంది. వారం తర్వాత తలుపు సందులోంచి పడే ఎండకు ఒక్కొక్క గుడ్డే పట్టి చూపించింది. లోపల ఎర్రటి దారాల్లాంటి నరాలు కనిపించాయి. ఒకటి మాత్రం తేటగా ఉంటే, అందులో పిల్ల కట్టలేదని తీసేసింది. ఇరవై ఒకటో రోజు మిగిలిన ఎనిమిదింటిలో ఏడు పిల్లలయ్యాయి. గద్ద తన్నుకుపోకుండా పెరట్లో ఓ మూలకు కంప ఎలా కప్పాలో కూడా ఆమే చూపించింది.

మరుసటి ఎండాకాలం పైవీధిలో కోళ్లకు తెగులు వచ్చింది. "రోజూ రెట్ట చూడు. పచ్చగా పడిందంటే ఆ పొద్దే నాకు చెప్పల్ల" అంది పెద్దమ్మ.

నాలుగు రోజులకు నల్లపెట్ట రెక్కలు వాల్చింది. రెట్ట పచ్చగా ఉంది. అంతలోనే పెద్దమ్మ గోడ అవతల నుంచి అడిగింది.

"నీ కోళ్లెట్లుండాయిమ్మే?"

"బాగుండాయి పెద్దమ్మా."

ఎందుకలా అన్నానంటే, అత్త అన్నింటినీ తోలేస్తుందన్న భయం ఒకటి. పెద్దమ్మ దగ్గర చేతకానిదాన్ని అనిపించుకోవడం ఇష్టం లేకపోవడం ఇంకొకటి. కోడిని మగ్గం గుంటలో దాచాను. మధ్యాహ్నం అది గుంటలోంచి పైకొచ్చి, పుట్టి పెరిగిన చోటే కాబట్టి, గోడ సందులోంచి పెద్దమ్మ పెరట్లోకి దూరి రాతితొట్టిలో నీళ్లు తాగింది. పరిగెత్తి తెచ్చుకున్నాను. అప్పుడైనా నోరు విప్పలేదు.

నల్లపెట్ట మర్నాడే చచ్చిపోయింది. వారం తిరక్కుండా పెద్దమ్మ కోళ్లు పద్నాలుగూ పోయాయి. ఆమె పెరట్లో గుంట తీసి సున్నం చల్లుతుంటే వెళ్లి నిలబడ్డాను.

"పెద్దమ్మా, ముందు నల్లపెట్టకే వచ్చింది. నేను దాచినా. అది నీ తొట్టిలో నీళ్లు తాగింది."

ఆమె చేతిలో సున్నం చేతిలోనే ఉండిపోయింది. "ఆ పొద్దే చెప్పింటే తొట్టి కడిగేసి, నా కోళ్లను మా చెల్లెలింటికి తోలుకపోయింటాను గదమ్మే" అంది. తర్వాత లోపలికి పోయి తలుపు వేసుకుంది.

ఇంటికొచ్చి అత్తకూ చెప్పాను. తెగులుకు పోగా నాకు మిగిలినవి మూడే పెట్టలు. వాటిని తోలేస్తుందనుకున్నాను. ఆమె వాటి వంక చూసి, "ఉండనీ. ముందు ఆయమ్మకు బతికే దారి చూడు" అంది.

రెండు నెలల పాటు పెద్దమ్మ నాతో మాట్లాడలేదు. తెగులు పూర్తిగా సద్దుమణిగాక మా పెట్టల్లో ఒకటి పొదుగుకు వచ్చింది. తవుడులో దాచిన గుడ్లనూ, ఆ కోడినీ, గంపనూ తీసుకుని ఆమె గుమ్మంలో దించాను.

"ఎన్ని?" అంది.

"తొమ్మిది."

ఒక్కొక్క గుడ్డూ చేతిలో తిప్పి చూసింది. "ముందు బూడిద తేపో" అంది.

క్షమించానని ఆమె ఎప్పుడూ అనలేదు. నేనూ అడగలేదు. పోయేదాకా మా రెండిళ్ల మధ్య పిల్లకోళ్లు తిరుగుతూనే ఉన్నాయి.

యుద్ధం అయిపోయాక మా ఆయన తిరిగొచ్చాడు, మగ్గాలు మళ్లీ ఆడాయి. ఒకసారి చీర అంచులో నా చేతి మీదుగా పోగులు తప్పాయి. చీరలు కొనే షావుకారు మడత విప్పకముందే, ఈసారి దాచకుండా నేనే చూపించాను. ఆయన చీర తిప్పి పంపాడు. మా ఆయన రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. అయినా ఆ పూట నాకు అన్నం సయించింది.