నాన్న అడిగిన స్పీడు

నిరుడు నాన్న పోయారు. బోయిన్‌పల్లిలోని మా ఇంటి నుంచి సమాధుల తోటకు నాన్న శవపేటిక ఉన్న వ్యాను ముందు కదిలింది. దాని వెనక చర్చి సంఘం వాళ్లు పాటలు పాడుతూ నడుస్తున్నారు. మోకాళ్ల నొప్పులతో నడవలేని అమ్మను నా కారులో ఎక్కించుకుని నేను అందరికన్నా వెనక బయలుదేరాను.

నాది చూడటానికి చిన్న కారే గానీ ఇంజను రేసు బండి లాంటిది. నాన్న ఎక్కినప్పుడల్లా పైనున్న హ్యాండిల్ పట్టుకుని, "జెర నిమ్మళంగ పోనియ్యి బిడ్డా" అనేవారు. మెకానిక్ మాత్రం ఒకసారి, "దీనికి స్పీడుతోని తక్లీఫ్ లేదు మేడమ్. మెల్లగ పాకిస్తేనే క్లచ్ వేడెక్కి బండి బంద్ అయితది" అన్నాడు. నాన్నను సాగనంపే రోజు ఆ మాట గుర్తే రాలేదు.

మనుషుల నడకతో సమానంగా పాకిన కారు, మార్కెట్ రోడ్డు మధ్యలో డ్యాష్‌బోర్డు మీద ఎర్ర లైటు చూపించి ఆగిపోయింది. ఎన్నిసార్లు స్టార్ట్ చేసినా గేరు పడలేదు. వెనక కూరగాయల లారీలు హారన్లు కొడుతున్నాయి. ముందు పాట దూరమైపోతోంది.

"మీ నాయన పోతున్నడే," అంటూ అమ్మ తలుపు తెరుచుకుని దిగి, కుంటుకుంటూ వ్యాను వెనక నడిచింది. దారికి అడ్డంగా ఉన్న కారును వదిలి పోలేక నేను అక్కడే ఉండిపోయాను.

ఎవరో కారును తోసి పక్కకు పెట్టాక ఆటోలో సమాధుల తోటకు వెళ్లాను. అప్పటికే మట్టి కప్పేశారు.

నాన్న అడిగినంత నిమ్మళంగా నేను కారు నడిపింది ఆ ఒక్కరోజే. ఆ రోజే ఆయన్ని అందుకోలేకపోయాను.